ప్లాస్మాకు పురుష దాతలా, ప్రతిరక్షకాల పరీక్షా: ఏది మేలు?

రక్తం ఎక్కించిన 6 గంటలలోపు రోగికి ఉన్నట్టుండి ఆయాసం మొదలై, ఊపిరితిత్తులలో నీరు చేరి, రక్తంలో ఆక్సిజన్ పడిపోయే స్థితిని వైద్యులు ట్రాలీ అంటారు. చాలా సందర్భాలలో దీనికి మూలం దాత ప్లాస్మాలోని, అంటే రక్తపు ద్రవ భాగంలోని, ప్రతిరక్షకాలే (యాంటీబాడీలే). గర్భస్థ శిశువు తండ్రి నుంచి తెచ్చుకున్న, కణాల మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులను పరాయివిగా ఎంచి తల్లి శరీరం తయారు చేసుకున్న ఈ ప్రతిరక్షకాలు ఆమెకు ఏ హానీ చేయవు గాని, రోగి తెల్ల రక్తకణాలకు అంటుకుంటే, ఆ కణాలు ఊపిరితిత్తుల సూక్ష్మ రక్తనాళాలలో చిక్కుపడి వాటి గోడలను దెబ్బతీస్తాయి.

బ్రిటన్ 2003లో రోగులకిచ్చే ప్లాస్మాను వీలైనంతవరకు పురుషుల నుంచే తీసుకోవాలని నిర్ణయించింది. 2006 తరువాత అమెరికా కూడా ఆ దారి పట్టింది. అక్కడి ఒక అధ్యయనంలో 2006లో సుమారు 4,000 యూనిట్లకు ఒకటిగా ఉన్న ట్రాలీ, 2009 నాటికి 12,000 యూనిట్లకు ఒకటికి తగ్గింది. పరీక్ష లేదు, అదనపు ఖర్చు లేదు. స్త్రీలిచ్చిన ఎర్ర రక్తకణాలలో ప్లాస్మా కొద్దిగానే ఉంటుంది కనుక వాటిని వాడుకుంటూనే ఉండవచ్చు. అయితే ఇది మోటు కొలత. ఎన్నడూ గర్భం దాల్చని స్త్రీలలో ఈ ప్రతిరక్షకాలు సుమారు 2 శాతం మందిలోనే, అంటే దాదాపు పురుషులలో ఉన్నంతే, కనిపిస్తాయి. మూడు నాలుగుసార్లు గర్భం దాల్చినవారిలో నాలుగో వంతు మందికి పైగా ఉంటాయి. అందరినీ ఒకే గాటన కట్టినప్పుడు మొదట దెబ్బ తగిలేది అసలే అరుదైన ఏబీ గ్రూపు ప్లాస్మా నిల్వకు.

గర్భం దాల్చినవారికి మాత్రమే పరీక్ష చేయడం న్యాయంగా కనిపిస్తుంది. దీనికీ లోపాలున్నాయి. మళ్ళీ గర్భం వస్తే పరీక్ష మళ్ళీ చేయాలి. ఎంత మోతాదు దాటితే ప్రమాదమన్న గీతను ఎక్కడో ఒకచోట గీయక తప్పదు. పైగా హెచ్‌ఎల్‌ఏ పరీక్ష, హెచ్‌ఎన్‌ఏ అనే మరో రకం తెల్ల రక్తకణాల గుర్తులపై పనిచేసే ప్రతిరక్షకాలను పట్టుకోదు. తీవ్రమైన ట్రాలీకి కారణమయ్యే హెచ్‌ఎన్‌ఏ-3ఏ ప్రతిరక్షకం ఆ కోవలోనిదే.

అనేకమంది ప్లాస్మాను కలిపి, ద్రావకంతోనూ డిటర్జెంటుతోనూ శుద్ధి చేసిన రకం మూడవ మార్గం. కలపడం వల్ల ఒక్కొక్కరి ప్రతిరక్షకాలు పలచబడిపోతాయి. దాని ధర అందరికీ అందదు కనుక ఇక్కడ ఆగడం లేదు.

నా అంచనాలో ప్లాస్మాకు మొదటి మార్గమే మేలు. గడ్డకట్టించి ఏడాది దాచుకోగలిగేదానికి దాతల కొరత పెద్ద బెంగ కాదు. ప్లేట్‌లెట్ల సంగతి వేరు. అవి 5 నుంచి 7 రోజులకు మించి నిలవవు, యంత్రం మీద ఇచ్చే దాతలు కొద్దిమందే. వారిలో స్త్రీలను పోగొట్టుకోవడం కంటే పరీక్షించుకోవడమే లాభం. ఏదైనా ఇది ట్రాలీని తగ్గించే ఏర్పాటే గాని తుడిచిపెట్టేది కాదు. నిల్వ రక్తంలో పుట్టే కొన్ని కొవ్వు పదార్థాలు కూడా దీనికి కారణమవుతాయని భావిస్తున్నారు. రక్తం మోతాదు మించి గుండెకు భారమై వచ్చే ఆయాసానికైతే దాత ఎంపికతో సంబంధమే లేదు.

మన దేశంలో రక్తదాతలలో స్త్రీలు కొద్దిమందే కనుక ప్లాస్మాలో అధిక భాగం ఎలాగూ పురుషులదే. కాని అది కాకతాళీయం, విధానం కాదు. స్త్రీ దాతల సంఖ్య పెరగాలని కోరుకునే బ్లడ్ బ్యాంకు ఆ సంగతిని ముందే ఆలోచించుకోవాలి. దాత ఫారంలో «పిల్లలెంతమంది» అని కాక, గర్భస్రావాలతో కలిపి ఎన్నిసార్లు గర్భం దాల్చారో అడగాలి.