బీబీసీ మైక్రోకు అసెంబ్లీ రాయడానికి ఏ పనిముట్లు తీసుకోవాలి?

8 బిట్ల హోమ్ కంప్యూటర్లకు ప్రాసెసర్ సూచనలను నేరుగా రాసే అసెంబ్లీ భాషలో ప్రోగ్రాములు రాయాలనుకునేవారు సాధారణంగా ముందు ఆ రాతను మెషీన్ కోడుగా మార్చే అసెంబ్లర్ కోసం వెతుకుతారు. బీబీసీ మైక్రోకు ఆ వెతుకులాట అవసరం లేదు. 1981 డిసెంబరులో ఎకార్న్ సంస్థ విడుదల చేసిన ఈ యంత్రంలో, సోఫీ విల్సన్ రాసిన బేసిక్ భాషతో పాటు యంత్రంలోని 6502 ప్రాసెసర్‌కు తగిన అసెంబ్లర్ కూడా అదే రోమ్‌లో (చెరగని మెమొరీ చిప్పులో) ఉంటుంది. బేసిక్ ప్రోగ్రాము మధ్యలో చదరపు బ్రాకెట్ తెరిచి, సూచనలు రాసి, బ్రాకెట్ మూస్తే చాలు, పీ% అనే వేరియబుల్ చూపే అడ్రసు నుంచి మెషీన్ కోడు వరుసగా చేరుతుంది. మన దేశంలో 1984లో మొదలైన క్లాస్ అనే కంప్యూటర్ అక్షరాస్యత పథకం కింద పాఠశాలలకు వచ్చినవి ఈ కంప్యూటర్లే. ఆ గదుల్లో అసెంబ్లీ గురించి చెప్పేవారు ఉన్నారో లేదో గాని, అసెంబ్లర్ మాత్రం పిల్లల ముందే ఉంది.

నేర్చుకునే దశలో దీన్ని మించినది లేదని నా అభిప్రాయం. ఇంకా కింద రాబోయే లేబుళ్లను (కోడులోని చోట్లకు పెట్టిన పేర్లను) గుర్తించడానికి అసెంబ్లీ భాగాన్ని ఫర్ లూపులో పెట్టి, అసెంబ్లర్ తీరును నిర్ణయించే ఆప్ట్ ఆదేశాన్ని మారుస్తూ, ఒకసారి ఆప్ట్ 0తోనూ మరోసారి ఆప్ట్ 3తోనూ నడపాలి. ఇది మొదట వింతగా తోచినా, రెండు దశల అసెంబ్లర్ లోపల ఏం చేస్తుందో ఇంత విప్పి చూపే ఏర్పాటు అరుదు. మాక్రోలు (ఒక్క పేరుతో పిలవగల సూచనల గుంపులు) లేని లోటును ఆప్ట్ పక్కన బేసిక్ ఫంక్షన్‌ను పిలిచి తీర్చుకోవచ్చు. అసలు చిక్కు మెమొరీతో వస్తుంది. మోడల్ బీలో మొత్తం 32 కేబీ ఉంటుంది. డిస్కు సదుపాయం ఉన్న యంత్రంలో ప్రోగ్రాము మామూలుగా 16 ఆధారపు సంఖ్యల్లో &1900 దగ్గర మొదలవుతుంది కనుక, తెరకు 1 కేబీ మాత్రమే పట్టే మోడ్ 7లో 25,344 బైట్లు మిగులుతాయి, తెరకే 20 కేబీ పోయే మోడ్ 1లో 5,888 బైట్లే మిగులుతాయి. సోర్సు, వ్యాఖ్యలు, లేబుళ్లు, తయారైన కోడు అన్నీ ఆ జాగాలోనే సర్దుకోవాలి. మోడ్ 7లో అసెంబుల్ చేసి, కోడును డిస్కుకు ఎక్కించి, తర్వాత మోడ్ 1లో నడపడం పాత ఉపాయమే అయినా, ప్రతి చిన్న మార్పుకూ ఆ తతంగమంతా మళ్లీ చేయవలసి రావడంతో మెమొరీకన్నా ముందు ఓపిక అయిపోతుంది.

అక్కడి నుంచి బీబ్‌యాస్మ్‌కు మారడం మంచిది. నేటి కంప్యూటర్ మీద నడిచే ఈ ఉచిత అసెంబ్లర్ రాత పద్ధతి బీబీసీ బేసిక్ పద్ధతికి ఎంత దగ్గరగా ఉంటుందంటే, పాత కోడు చాలావరకు కొద్ది మార్పులతో ఇందులోకి వచ్చేస్తుంది. దీన్ని నేను మెచ్చుకోవడానికి మొదటి కారణం, సేవ్ అనే ఆదేశం సోర్సులో రాసి, అసెంబ్లర్‌ను పిలిచేటప్పుడు -do తో ఇమేజి పేరు ఇస్తే, పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్‌లో నేరుగా పెట్టగల ఎస్ఎస్‌డీ డిస్కు ఇమేజి తయారై రావడం. మధ్యలో మరో పనిముట్టు అక్కర్లేదు. ఫర్ లూపులు, సైన్, కొసైన్ వంటి గణిత ఫంక్షన్లు అసెంబుల్ చేసే సమయంలోనే పనిచేస్తాయి కనుక 256 బైట్ల సైన్ పట్టికను మూడు పంక్తుల్లో పుట్టించవచ్చు. గార్డ్ అనే ఆదేశంతో ఒక అడ్రసును కాపలా పెడితే, కోడు దాన్ని దాటి తెర మెమొరీలోకి పాకినప్పుడు అసెంబ్లర్ అక్కడే ఆగి చెబుతుంది. జీరో పేజీలోని (మెమొరీ మొదటి 256 బైట్లలోని) చోటుకు పెట్టిన పేరును వాడిన తర్వాత ఎక్కడో కింద ప్రకటిస్తే, మొదటి దశలో 3 బైట్లు పట్టిన సూచన రెండో దశలో 2 బైట్లకు తగ్గిపోతుంది. ఇలాంటి చోట బేసిక్ అసెంబ్లర్ ఏమీ అనదు, లేబుళ్లు మాత్రం ఒక బైటు పక్కకు జరిగి కూర్చుంటాయి. బీబ్‌యాస్మ్ రెండు దశల కోడు కలవలేదని స్పష్టంగా తప్పు చూపిస్తుంది. దీనిలో విడిగా అసెంబుల్ చేసిన ముక్కలను కలిపే లింకర్ లేదు, ప్రతిసారీ సోర్సంతా మొదటి నుంచి అసెంబుల్ అవుతుంది, కానీ 32 కేబీ యంత్రానికి రాసే కోడు రెప్పపాటులో పూర్తవుతుంది కనుక దాన్ని లోపంగా లెక్కించలేము.

6502 పనిముట్ల సముదాయమైన సీసీ65లోని సీఏ65 అసెంబ్లర్ ఇంతకన్నా శక్తిమంతమైనదే. సెగ్మెంట్లు (కోడు, డేటాలను వేరుచేసే భాగాలు), విడివిడి మాడ్యూళ్లు, వాటిని కలిపే లింకర్ ఉన్నాయి. అయితే మెమొరీ పటాన్ని వేరే ఫైలులో రాసి ఇవ్వాలి, గణితం పూర్ణాంకాలకే పరిమితం, డిస్కు ఇమేజికి మరో పనిముట్టు తెచ్చుకోవాలి. ఒకే ప్రోగ్రామును కమొడోర్ 64కూ ఆపిల్ 2కూ కూడా తీసుకువెళ్లే ఉద్దేశం ఉన్నవారికే దీన్ని సూచిస్తాను.

అసెంబ్లర్ ఎంపికకన్నా ఎమ్యులేటర్ ఎంపిక మీదే రోజువారీ పని ఎక్కువగా ఆధారపడుతుంది. మాట్ గాడ్‌బోల్ట్ మొదలుపెట్టిన జేఎస్‌బీబ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. డిస్కు ఇమేజి ఇచ్చి, కోడును మధ్యలో ఆపి, ఒక్కొక్క సూచనగా ముందుకు నడిపించి రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలి విలువలు) చూసుకోవచ్చు. బీ2 అనే మరో ఎమ్యులేటర్‌లో డీబగ్గర్ (తప్పులు వెతికే పనిముట్టు) ఇంకా విస్తృతంగా ఉంటుంది, వీడియో చిప్పుల లోపలి స్థితి కూడా వేరే కిటికీల్లో కనబడుతుంది. 2 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు సెకనుకు 50 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫ్రేముకు దక్కేవి సుమారు 40,000 సైకిళ్లే. పైగా కీబోర్డు, పోర్టుల వంటివాటిని చూసుకునే 6522 వంటి చిప్పులను తాకిన ప్రతిసారీ ప్రాసెసర్ 1 మెగాహెర్ట్జ్ వేగానికి నెమ్మదించాలి. ఈ నెమ్మదింపును లెక్కలోకి తీసుకోని ఎమ్యులేటర్‌లో సజావుగా కదిలిన బొమ్మ, అసలు యంత్రం మీద చిరిగిపోయినట్టు కనబడవచ్చు. జేఎస్‌బీబ్, బీ2 రెండూ ఆ లెక్కను శ్రద్ధగా పాటిస్తాయి.

అసలు యంత్రం ఉన్నవారు అదే డిస్కు ఇమేజిని యూజర్ పోర్టుకు తగిలించే ఎస్డీ కార్డు పరికరం ద్వారా నడపవచ్చు. అయితే డిస్కు సదుపాయం ఇచ్చే రోమ్‌ను బట్టి ప్రోగ్రాము మొదలయ్యే చోటు మారుతుంది కనుక, బీబ్‌యాస్మ్‌లో &1900 అని రాసేముందు ఆ యంత్రం మీద ప్రింట్ పేజ్ అని కొట్టి, వచ్చే విలువను 16 ఆధారపు సంఖ్యల్లోకి మార్చి చూసుకోవాలి.