చెప్పి గుచ్చాలా, మరిపించి గుచ్చాలా, మత్తిచ్చి గుచ్చాలా?

క్యాన్సర్ వార్డులో చైల్డ్ లైఫ్ స్పెషలిస్ట్‌గా పనిచేసే నా చేతిలో సిరంజి ఉండదు, మందూ ఉండదు. సూది పడబోయే పిల్లల పక్కన నిలబడటం, అంతకుముందు వాళ్లను సిద్ధం చేయడం, అయిపోయాక వాళ్లతో ఆడటం నా పని. తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఒక్కటే: "ముందే చెప్తే భయపడతాడు కదమ్మా, ఏదో ఆటలో పెట్టి కానిచ్చేయకూడదా?" ఇంకొందరు, "ఈ ఏడుపు చూడలేం, మత్తిచ్చేయమని డాక్టర్‌గారికి చెప్పండి" అంటారు. ఈ మూడు పద్ధతులూ నేను వాడతాను. కానీ మూడింటికీ ఒకే విలువ ఇవ్వను.

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. పిల్లల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. దాని చికిత్స 2 నుంచి 3 ఏళ్లు సాగుతుంది. రక్తపరీక్షలు, ఛాతీ దగ్గర చర్మం కింద పెట్టిన పోర్ట్‌లోకి (మందులు ఎక్కించడానికి అమర్చే చిన్న పరికరం) సూది, వెన్నులోకి కీమో మందు, తుంటి ఎముక నుంచి మూలుగు తీయడం... ఇవన్నీ మళ్లీ మళ్లీ వస్తాయి. అందుకే ఏ పద్ధతినైనా నేను ఇరవయ్యో సూది వైపు నుంచి చూస్తాను. ఇవాళ గడిచిపోతే చాలనుకుంటే వచ్చే నెల ఆ పిల్లాడు గది గుమ్మం కూడా దాటడు.

మరిపించడం తేలిక, ఖర్చు లేదు, ఏ పరికరాలూ అక్కర్లేదు. రెండేళ్ల లోపు పిల్లలకు దీన్ని మించింది లేదు: అమ్మ ఒడి, ఒక పాట, సబ్బు బుడగలు. బుడగలు ఊదితే ఊపిరి నెమ్మదిగా బయటికి వస్తుంది, ఒళ్లు కాస్త వదులవుతుంది. ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, మరిపించడంలో మోసం కలిసినప్పుడు. నేను ఈ పనిలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక ఐదేళ్ల పాపకు ట్యాబ్‌లో కార్టూన్ పెట్టి, ఏమీ చెప్పకుండా పక్క నుంచి సూది వేయించాం. ఆ రోజు పాప పెద్దగా ఏడవలేదు. అందరం మెచ్చుకున్నాం. తర్వాతి వారం ట్యాబ్ చేతికివ్వగానే దాన్ని తోసేసి మంచం కిందికి దూరింది. "అది పెడితే సూది వస్తుంది" అంది. ఆ తర్వాత చాలా నెలలు ఆ పాప ఏ ఆటనూ నమ్మలేదు, రంగుల పెన్సిళ్లు ఇచ్చినా నా వెనక ఎవరున్నారో చూసేది. ఆ తప్పులో నా భాగం ఉంది. ఇప్పటికీ ట్యాబ్ వాడతాను, కానీ "సూది వేసేటప్పుడు ఇది చూస్తావా, సూదినే చూస్తావా?" అని అడిగాకే.

చెప్పడం అంటే కూర్చోబెట్టి జబ్బు గురించి పాఠం చెప్పడం అనుకుంటారు. చెప్పాల్సింది, ఒంటికి ఏమేం తెలుస్తుందో అది. పోర్ట్ ఉన్న బొమ్మ ఒకటి నా దగ్గర ఉంటుంది. "ఇక్కడ దూదితో తుడుస్తారు, చల్లగా ఉంటుంది. మొద్దుబారే క్రీమ్ ముందే రాస్తాం, అది పనిచేయడానికి దాదాపు గంట పడుతుంది. తర్వాత గట్టిగా నొక్కినట్టు ఉంటుంది. సెలైన్ ఎక్కించినప్పుడు నోట్లో ఉప్పు రుచి రావచ్చు" అని చెప్తాను. ఆ ఉప్పు రుచి సంగతి చాలామంది చెప్పడం మర్చిపోతారు. ఉన్నట్టుండి నోరు ఉప్పగా అయితే పిల్లలు హడలిపోతారు. "అస్సలు నొప్పి ఉండదు" అన్న మాట మాత్రం నా నోట రాదు. ఒక్కసారి ఆ మాట అబద్ధమైతే ఇంకేం చెప్పినా వినరు.

ఎప్పుడు చెప్పాలన్నది వయసును బట్టి ఉంటుంది. మూడు నాలుగేళ్ల వాళ్లకు అదే రోజు, కాస్త ముందు చెప్తే చాలు. రెండు రోజుల ముందు చెప్తే రెండు రోజులూ అదే టెన్షన్. ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు కొన్ని రోజుల వ్యవధి కావాలి, ప్రశ్నలు అడగాలి కదా. ఇంకో మాట. కొందరు పిల్లలకు ప్రతి అడుగూ తెలియాలి, సూది ఎంత పొడవో కూడా చూడాలి. కొందరు "నాకేం చెప్పొద్దు" అని మొహం తిప్పేసుకుంటారు. అలాంటి వాళ్ల చెవిలో బలవంతంగా పోయడం కూడా తప్పే. "ఏదైనా మారితే మాత్రం చెప్తాను, సరేనా?" అని అక్కడితో ఆపేస్తాను.

చెప్పకపోతే పిల్లలకు తెలియదనుకోవడం పెద్దల ఊహ. మైరా బ్లూబాండ్-లాంగ్నర్ అనే మానవశాస్త్రవేత్త లుకేమియా ఉన్న చిన్నపిల్లల మధ్య గడిపి, తను గమనించినదాన్ని 1978లో ప్రచురించారు. ఎవరూ చెప్పకపోయినా తమ పరిస్థితి ఎంత తీవ్రమో ఆ పిల్లలు గ్రహించారు. పైగా అమ్మానాన్నలు బాధపడతారని, తెలిసిన సంగతిని వాళ్ల దగ్గరే దాచారు. వార్డులో ఇది ఇప్పటికీ చూస్తుంటాను. నాలుగేళ్ల పిల్లాడు "నేను అల్లరి చేశాననే కదా ఇలా గుచ్చుతున్నారు?" అని అడిగాడంటే, మనం ఖాళీగా వదిలిన చోటును వాడే నింపుకున్నాడన్నమాట.

ఇక మత్తు. వెన్నులోకి సూది, ఎముక మూలుగు పరీక్ష — ఈ రెండింటి దగ్గర నాకు వాదన లేదు. చిన్నపిల్లలకు మత్తు ఇవ్వగల డాక్టర్ ఉంటే ఇవ్వాల్సిందే. నలుగురు పట్టుకుని ముడిచిపెట్టి చేయడాన్ని నా బొమ్మలూ నా మాటలూ పూడ్చలేవు. అయితే మత్తుకు తన బాధలు తనకున్నాయి. ఘనాహారం మానేసి సాధారణంగా 6 గంటలు, నీళ్లు మానేసి 2 గంటలు ఉండాలి. స్టెరాయిడ్లు వాడుతున్న రోజుల్లో ఆ పిల్లల ఆకలి అంతా ఇంతా కాదు, పొద్దున్నే ఖాళీ కడుపుతో ఉంచడం తల్లికి నరకం.

రేడియేషన్ దగ్గర లెక్క మళ్లీ మారుతుంది. మెదడులో గడ్డ ఉన్న పిల్లలకు వారానికి 5 రోజుల చొప్పున 6 వారాల దాకా ఉండొచ్చు. రోజూ మత్తంటే రోజూ ఉపవాసం. నొప్పి లేని చికిత్స అది, కానీ ముఖానికి బిగించే మాస్కుతో కదలకుండా, గదిలో ఒంటరిగా పడుకోవాలి. ఇక్కడ నా బొమ్మకు నిజంగా పని దొరుకుతుంది. మాస్కు ముక్కను వేడి నీళ్లలో మెత్తబరిచి, కాస్త వేడి తగ్గాక ముందు బొమ్మ ముఖానికి, తర్వాత పిల్లల చేతికి అద్దుతాం. ఒక పొడవాటి దారం కొన పిల్లాడి చేతిలో, రెండో కొన తలుపు బయట అమ్మ చేతిలో పెడతాం. లాగితే అమ్మ తిరిగి లాగుతుంది. ఇలా కొన్నాళ్లు ఆడితే ఐదారేళ్ల పిల్లలు కూడా కొందరు మత్తు లేకుండా పడుకోగలుగుతారు. మూడేళ్ల వాడికి కుదరకపోతే మత్తే సరి, అందులో ఓటమి లేదు.

కాబట్టి నన్నడిగితే చెప్పడానికే మొదటి చోటు. మరిపించడం, మత్తు ఇవ్వడం ఆ తర్వాత, దాని తోడుగా. మత్తిచ్చేముందు కూడా చెప్తాను: "ఈ నిద్ర రాత్రి నిద్రలాంటిది కాదు, పని అయ్యేదాకా డాక్టర్‌గారు పక్కనే ఉండి చూసుకుంటారు. పాలలా తెల్లగా ఉండే మందు గొట్టంలో కనిపిస్తుంది. లేచేసరికి అమ్మ ఇక్కడే ఉంటుంది." ఆ చివరి మాట చెప్పే ముందు అమ్మను నిజంగా అక్కడే ఉండమని అడిగి పెట్టుకుంటాను.

ఒక్కోసారి చెప్పే వ్యవధే ఉండదు. అర్ధరాత్రి జ్వరం, పరుగులు, నలుగురు ఒకేసారి గదిలోకి. అప్పుడు మర్నాడు వెళ్తాను. బొమ్మనూ, సూది లేని సిరంజినీ మంచం మీద పెట్టి, "రాత్రి నీకు చెప్పకుండా చేశారు కదా నాన్నా, ఏం జరిగిందో నాకు చూపిస్తావా?" అంటాను. చాలామంది ముందుగా బొమ్మ చేతిని గట్టిగా పట్టుకుంటారు.