సాంబాతో ఆరేళ్ల కాపురం

మా ఇంట్లో ఉన్నవన్నీ లైనక్స్ మెషీన్లే. హాల్లో టీవీ పక్కన ఓ పాత డెస్క్‌టాప్, దానికి నేను పెట్టిన పేరు ‘పెట్టె’. ఫోటోలు, స్కాన్లు, పాటలు మోసేది అదే. నాన్నకో లాప్‌టాప్, మా ఆవిడకొకటి, నాకొకటి. విండోస్ మందుకి కూడా లేదు. అయినా 2019 నుంచి ఈ ఇంట్లో ఫైళ్లు అటూ ఇటూ తిరిగేది విండోస్ వాళ్ల భాషలో, అంటే ఆ భాష మాట్లాడే సాంబా అనే సాఫ్ట్‌వేర్ మీద. నాన్న దానికి సాంబయ్య అని పేరు పెట్టేశారు. “ఏరా, సాంబయ్య పలకట్లేదు” అని వంటింటి దాకా వినపడేలా కేకేస్తే నేను లేచి వెళ్లాలి.

లైనక్స్‌కీ లైనక్స్‌కీ మధ్య సాంబా దేనికి, నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకోడానికి ఎన్‌ఎఫ్‌ఎస్ ఉందిగా అంటారు. నేనూ అక్కడే మొదలుపెట్టాను. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ తెచ్చిన సరుకు, లైనక్స్‌కి తాతలాంటి యూనిక్స్‌కి ఇంటి మనిషి. ఏ ఫోల్డర్ పంచాలో చెప్పే ఎక్స్‌పోర్ట్స్ ఫైల్లో ఒక్క లైను రాస్తే పనైపోతుంది, వేగానికి వంక పెట్టలేం. చిక్కల్లా మనుషుల్ని గుర్తుపట్టడంలో ఉంది. మామూలు సెట్టింగ్‌లో దానికి పేరూ పాస్‌వర్డూ పట్టవు, యూజర్ నంబరే లెక్క. ఉబుంటు, మింట్ లాంటి లైనక్స్ రకాల్లో మొదటి యూజర్‌కి వచ్చే నంబరు 1000. నాన్న తన లాప్‌టాప్‌లో 1000, పెట్టెలో నేను 1000. ఇంకేముంది, ఆయన దాచిన ప్రతి ఫైలూ నా పేరున జమ. మా ఆవిడ లాప్‌టాప్‌లో నేను ముందు టెస్ట్ అని ఓ యూజర్‌ని చేసి, ఆ తర్వాత తన పేరు పెట్టాను. తను 1001 అయింది. గడపలోనే పర్మిషన్ డినైడ్! “నీ ఇంట్లో నాకు పర్మిషన్ లేదా” అని అడిగింది.

నంబర్లు ఎలాగో కలిపాను గానీ, కరెంటు దగ్గర చెడింది. మా రౌటర్ ఇన్వర్టర్ మీద ఉంది, పెట్టె లేదు. కరెంటు పోగానే పెట్టె ఆరిపోతుంది, వైఫై మాత్రం ఉంటుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ హార్డ్ మౌంట్ కదా, సర్వర్ తిరిగొచ్చేదాకా కాచుకుని కూర్చుంటుంది. డిస్క్‌లో ఖాళీ ఎంతో చూపే డీఎఫ్ కమాండ్ కొడితే ఉలుకూ పలుకూ ఉండదు, ఫైల్ మేనేజర్ బిగుసుకుపోతుంది. రాస్తున్న డేటా పోకూడదని అలా పెట్టారు, ఆఫీసు సర్వర్‌కి అది మంచి గుణమే. ఎండాకాలంలో రోజూ కరెంటు పోయే కొంపకి మాత్రం పనికిరాదు. ఏ డిస్క్ ఎక్కడ తగిలించాలో రాసే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో, అవసరమైనప్పుడే తగిలించే ఆటోమౌంట్ పెట్టాక బూట్ అయ్యేటప్పటి నస పోయింది, మధ్యలో కరెంటు పోతే పడే బాధ పోలేదు. సాంబాని మేం ఫైల్ మేనేజర్లోంచే తెరుస్తాం. పెట్టె ఆరిపోతే కాసేపు చూసి, ఎర్రర్ చూపించి ఊరుకుంటుంది. అంతవరకూ బుద్ధిమంతుడే.

ఇక సాంబయ్య సంగతి. 1990ల మొదట్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టింది. విండోస్ వాళ్ల ఆ ఫైళ్ల భాష పేరు ఎస్‌ఎంబీ. ఆ ఎస్, ఎం, బీ అక్షరాలు అదే వరుసలో వచ్చే మాట కోసం డిక్షనరీ గాలించి ఆ పేరు పెట్టారు. మొదటి పెద్ద దెబ్బ 2020లో తగిలింది. ఉబుంటు 20.04కి మారిన రోజు ఫైల్ మేనేజర్లో నెట్‌వర్క్ నొక్కితే ఖాళీ. పెట్టె మాయం. పింగ్ కొడితే పెట్టె పలుకుతోంది, సాంబా వాడే 445 పోర్టు తెరిచే ఉంది, ఫోల్డర్లు మాత్రం కనపడవు. రెండు రాత్రులు ఫైర్‌వాల్‌తో కుస్తీ పట్టాను. అసలు విషయం ఏమిటంటే, 2019 సెప్టెంబరులో వచ్చిన సాంబా 4.11 నుంచి ఆ భాష పాత వెర్షన్ ఎస్‌ఎంబీ1ని డీఫాల్ట్‌గా ఆపేశారు. ఆ నెట్‌వర్క్ జాబితా దాన్ని పట్టుకునే వేలాడుతోంది. సాంబా సెట్టింగుల ఫైల్లో (కాన్ఫిగ్) క్లయింట్ మిన్ ప్రోటోకాల్ ఎన్‌టీ1 అని, అంటే ఎస్‌ఎంబీ1కి సరేనని రాస్తే మళ్లీ కనపడుతుంది. వారం రోజులు అలాగే నడిపి తీసేశాను. 2017 మేలో వాన్నాక్రై వైరస్ విండోస్ మెషీన్లలోకి దూరింది ఆ ఎస్‌ఎంబీ1 కంత లోంచే. జాబితాలో పేరు కనపడాలని అంత పాత తలుపు తెరిచి పెట్టుకోవడం నాకు నచ్చలేదు. దాని బదులు, మెషీన్‌ని పేరుతో వెతికిపెట్టే అవాహీ నడిపి, పెట్టె.లోకల్ అని అడ్రస్ కొట్టి, ఒకసారి బుక్‌మార్క్ చేసి పెట్టాను. ఆ నెట్‌వర్క్ బొమ్మ ముట్టుకోవద్దని నాన్నకి చెప్పాను. సగం కేకలు ఆ రోజుతో ఆగాయి.

పాస్‌వర్డ్ గొడవ చిన్నది. లైనక్స్ పాస్‌వర్డ్ వేరు, సాంబా పాస్‌వర్డ్ చిట్టా వేరు. ఎస్‌ఎంబీపాస్‌వర్డ్ కమాండ్‌తో యూజర్‌ని విడిగా చేర్చకపోతే ఎన్నిసార్లు కొట్టినా లోపలికి రానివ్వదు.

2022లో పెట్టెని 22.04తో కొత్తగా ఇన్‌స్టాల్ చేశాక వచ్చింది అసలు తమాషా. షేర్ పేరు కనపడుతుంది, నొక్కితే తెరుచుకోదు. సాంబా కాన్ఫిగ్‌ని పరీక్షించే టెస్ట్‌పార్మ్ నడిపితే అందులో తప్పే లేదంటుంది. షేర్ చేసిన ఫోల్డర్ పర్మిషన్లు చూస్తే బంగారంలా ఉన్నాయి. చివరికి నేమీ అనే కమాండ్ దొరికింది. దానికి హైఫన్ ఎల్ తగిలించి ఫోల్డర్ దారి ఇస్తే మెట్టు మెట్టుకీ పర్మిషన్ చూపిస్తుంది. మూడో మెట్టు దగ్గర 750, అంటే నా హోమ్ ఫోల్డర్. 21.04 నుంచి ఉబుంటు కొత్త హోమ్ ఫోల్డర్లని ఇతరులకి మూసేసి ఇస్తోంది. లోపలి గది తాళం తీసి పెట్టి, వీధి తలుపు వేసుకున్నాను. ఫోల్డర్‌ని హోమ్‌లోంచి బయటికి మార్చాను. పనిలో పనిగా, ఒకరి ఫైలుని ఇంకొకరు మార్చగలిగేలా కాన్ఫిగ్‌లో ఫోర్స్ గ్రూప్, క్రియేట్ మాస్క్ 0664, డైరెక్టరీ మాస్క్ 2775 రాశాను. అప్పటిదాకా నాన్న పెట్టిన ఫైలుని మా ఆవిడ చూడగలదు, మార్చలేదు.

వేగం గురించి ఒక్క మాట. పెద్ద వీడియో కాపీ చేస్తే ఎప్పుడూ సెకనుకి 11 మెగాబైట్లే. సాంబా నెమ్మది అని ఏడాది పాటు అందరికీ చెప్పాను. ఒకరోజు నెట్‌వర్క్ కార్డు వేగం చూపే ఈథ్‌టూల్ నడిపితే గిగాబిట్ కార్డు 100 మెగాబిట్ దగ్గర కూర్చుని ఉంది. గోడలోంచి కేబుల్ లాగినాయన కనెక్టర్లో గోధుమ రంగు వైరు సరిగ్గా దిగలేదు. 100కి రెండు జతల వైర్లు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. కొత్త కనెక్టర్ క్రింప్ చేస్తే అదే సాంబా 105 దాటింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నా వ్యవహారం.

విండోస్‌కి పడని కోలన్ ఉన్న ఫైలు పేర్లని మాత్రం సాంబా ఇప్పటికీ అంకెలూ అక్షరాలూ కలిపి గుర్తుపట్టలేని పొట్టి పేర్లుగా మార్చి చూపిస్తుంది. విండోస్ లేని ఇంట్లో విండోస్ మడి దేనికో. ఆ ఒక్కదానికీ నా మార్కుల్లో కోత.

మొన్న నాన్న పొలం కాగితాలు స్కాన్ చేసి నేరుగా పెట్టెలో దాచబోతే సేవ్ కాలేదు. మళ్లీ సాంబయ్యే అన్నారు. ఈసారి తెలివి వచ్చి, ముందు అదే పేరుతో లాప్‌టాప్ డిస్క్‌లో దాచి చూశాను. అక్కడా కాలేదు. మా లైనక్స్ డిస్కులు ఫైళ్లు దాచుకునే పద్ధతి ఎక్స్‌టీ4. అందులో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ‘పట్టాదారు’ మనకి నాలుగక్షరాలు, మెషీన్‌కి తొమ్మిది కోడ్లు, ఒక్కోదానికి మూడు చొప్పున 27 బైట్లు. నాన్న మాత్రం తాతగారి పేరు, ఊరు, సరిహద్దులు, ఎవరి దగ్గర కొన్నదీ అంతా ఫైలు పేరులోనే రాశారు. ఇప్పుడు సర్వే నంబరు, ఏడాది రాసి మిగతాది లోపల రాస్తున్నారు, గొణుక్కుంటూ.