తుపాకీ లైసెన్సు తిరస్కరిస్తే అప్పీలు: ఏ మెట్టుకు ఎన్ని మార్కులు

“పోలీసు వారు సిఫార్సు చేయలేదు. దరఖాస్తుదారుకు నిర్దిష్టమైన ప్రాణహాని ఉన్నట్టు తేలలేదు. కావున దరఖాస్తు తిరస్కరించడమైనది.” తిరస్కరణ ఉత్తర్వులు చాలావరకు ఈ మూడు ముక్కల చుట్టూనే తిరుగుతాయి. కాగితం చేతికందగానే జనం చేసే మొదటి పని స్టేషన్‌కు వెళ్లి ఎస్సైని బతిమాలడం. అప్పటికే ఫైలు ఆయన చేయి దాటిపోయి ఉంటుంది కాబట్టి దానివల్ల ఒరిగేదేమీ లేదు. పైగా ఆ తిరుగుడులో పది రోజులు పోతాయి. అప్పీలుకు ఉన్నవే ముప్పై రోజులు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ అప్పీలు వ్యవస్థ మామూలు దరఖాస్తుదారుకు ఎంతవరకు పనికొస్తోందో ఒక్కో మెట్టూ చూద్దాం. ముందే ఒక మాట: మన దేశంలో లైసెన్సు హక్కు కాదు, అనుమతి. కానీ అడిగినవాడికి కారణం చెప్పి, చట్టం ప్రకారం నిర్ణయం ఇవ్వాల్సిన బాధ్యత మాత్రం అధికారిదే. అప్పీలులో పోరాటమంతా ఈ రెండో దాని మీదే నడవాలి.

నిర్ణయం ఎవరిది?

జిల్లాల్లో లైసెన్సు ఇచ్చే అధికారి జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ లాంటి కమిషనరేట్లలో పోలీసు కమిషనర్. ఈ తేడా చాలామంది పట్టించుకోరు గానీ అప్పీలు రాసేటప్పుడు ఇదే కీలకం. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం స్టేషన్ అధికారి పంపేది నివేదిక మాత్రమే. దాన్ని పరిశీలించి, అవసరమైతే తానూ విచారించి, రాతపూర్వకంగా ఇవ్వడమో కాదనడమో తేల్చాల్సింది లైసెన్సింగ్ అధికారి. “ఎస్పీ వద్దన్నారు కాబట్టి వద్దు” అని కలెక్టర్ రాస్తే, తన బుర్ర వాడలేదని ఉత్తర్వే ఒప్పుకున్నట్టు. అప్పీలుకు ఇది మొదటి కారణం. కమిషనరేట్లలో నివేదిక రాసేదీ, నిర్ణయం తీసుకునేదీ ఒకే శాఖ. అక్కడ ఈ వాదనకు పదును తగ్గుతుంది. కారణాల బలహీనత మీదే దెబ్బ కొట్టాలి.

పోలీసు నివేదికకు నిబంధనల్లో గడువు ముప్పై రోజులు. స్టేషన్, సర్కిల్, డీఎస్పీ లేదా ఏసీపీ, మధ్యలో స్పెషల్ బ్రాంచి అంటూ ఫైలు తిరిగేసరికి ఆ గడువు ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. గడువులోగా నివేదిక రాకపోతే దాని కోసం ఆగకుండానే నిర్ణయం తీసుకోవచ్చని చట్టం అధికారికి వెసులుబాటు ఇచ్చింది. ఆ వెసులుబాటును ఎవరూ ముట్టుకోరు. ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టడం వరకు బాగానే ఉంటుంది. ఆ తర్వాత అంతా పాత కాగితపు నడకే. ఈ మెట్టుకు 5కు 1.

కారణాలు రాబట్టడం

ఉత్తర్వు అందిన రోజే, వీలైతే అదే పూట, ఒక పేజీ దరఖాస్తు రాసి లైసెన్సింగ్ అధికారి కార్యాలయంలో ఇన్‌వర్డ్ చేయించండి, అంటే వచ్చిన కాగితాల రిజిస్టర్‌లో ఎక్కించండి. అందులో ఒక్కటే అడగాలి: 14వ సెక్షన్ 3వ ఉపసెక్షన్ కింద తిరస్కరణ కారణాల సంక్షిప్త వివరణ ఇవ్వండి. కారణాలు రాతలో నమోదు చేయడం అధికారి విధి. మనం అడిగితే వాటి సారాంశం ఇవ్వాలి. ప్రజాప్రయోజనం దృష్ట్యా ఇవ్వకూడదని అభిప్రాయపడితే తప్ప. అప్పీలు పిటిషన్‌తో ఈ వివరణ జతచేయాలని 18వ సెక్షన్ చెబుతోంది కాబట్టి, ఇదేదో దయతో ఇచ్చే కాగితం కాదు. నకలు మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవడం మరవొద్దు. “ఇచ్చేసి వెళ్లండి, చూస్తాం” అంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపడమే మేలు.

అదే రోజు సమాచార హక్కు చట్టం కింద రెండో దరఖాస్తు, పది రూపాయల ఫీజుతో. ఇందులో పోలీసు నివేదిక నకలు, ఫైలులోని నోట్ షీట్లు (అధికారులు రాసుకున్న అభిప్రాయాల పేజీలు) అడగాలి. “మా కేసు గురించిన మొత్తం సమాచారం” అని రాస్తే తిరగ్గొడతారు. ఏ తేదీ దరఖాస్తు, ఏ ఫైలు నంబరు, ఏ అధికారి నివేదిక అన్నది విడివిడిగా రాయాలి. నివేదిక రహస్యమని, వ్యక్తిగతమని కార్యాలయాలు కొన్నిసార్లు దాటేస్తాయి. మీ గురించిన సమాచారం మీరే అడిగితే అది మూడో వ్యక్తి గోప్యత ఎలా అవుతుందన్నది మొదటి అప్పీలులో నిలదీయాల్సిన మాట.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. సమాచార హక్కు కింద జవాబుకు ముప్పై రోజులు. లైసెన్సు అప్పీలుకూ ముప్పై రోజులే. జవాబు వచ్చాక అప్పీలు రాద్దామని కూర్చుంటే రెండూ ఒకేసారి గడువు తీరతాయి. చేతిలో ఉన్నదానితోనే అప్పీలు వేసి, “నివేదిక నకలు అందాక అదనపు కారణాలు దాఖలు చేసుకునే అవకాశం కల్పించండి” అని చివర ఒక పేరా పెట్టాలి. గడువును ఉత్తర్వు మీది తేదీ నుంచే లెక్కించడం క్షేమం. పోస్టులో ఆలస్యంగా వచ్చిందా? కవరు పారేయకండి, దాని మీది పోస్టల్ ముద్రే ఆలస్యం మాఫీ పిటిషన్‌కు ఆధారం. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం అప్పీలు అధికారికి ఉంది.

కాగితం మీద ఈ మెట్టు బాగుంది, అమలు మీ పట్టుదల మీద ఆధారపడుతుంది. 5కు 3.

అప్పీలు రాయడం: గెలుపోటములు ఇక్కడే

రెండు తెలుగు రాష్ట్రాల్లో కలెక్టర్, కమిషనర్ ఉత్తర్వుల మీద అప్పీలు రాష్ట్ర ప్రభుత్వానికి, అంటే సచివాలయంలోని హోం శాఖకు వెళ్తుంది. తిరస్కరించిందే ప్రభుత్వమైతే, లేదా ప్రభుత్వ ఆదేశం మీదే తిరస్కరిస్తే, ఈ అప్పీలుకు తావు లేదు. లాయరు తప్పనిసరి కాదు. పిటిషన్, ఫీజు చలానా, తిరస్కరణ ఉత్తర్వు, కారణాల వివరణ లేదా దాన్ని అడిగినట్టు ముద్ర ఉన్న నకలు, ఆధారాల కట్ట. పేజీలకు నంబర్లు వేసి సూచిక పెడితే చదివేవాడికి సుఖం.

చాలా అప్పీళ్లు ఓడిపోయేది ఒకే తప్పు వల్ల: మొదటి దరఖాస్తులో రాసిందే మళ్లీ రాస్తారు. “నాకు ప్రాణభయం ఉంది, దయచేసి ఇప్పించండి.” అప్పీలు అధికారి చూసేది ఉత్తర్వులో తప్పుందా లేదా అని. కాబట్టి ఉత్తర్వులోని ఒక్కో వాక్యాన్ని విడిగా ఎత్తి రాసి, దాని కిందే జవాబు, జవాబు పక్కనే పేజీ నంబరు ఇవ్వాలి.

“నిర్దిష్టమైన ప్రాణహాని లేదు” అన్న వాక్యాన్నే తీసుకోండి. ముందు చూడాల్సింది మీరు అడిగిన ఆయుధం ఏమిటన్నది. ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నునుపు గొట్టం తుపాకీని, అంటే మామూలు పన్నెండు బోరు గన్‌ను, రక్షణకో క్రీడకో అడిగిన పౌరుడికి అధికారి “ఇవ్వాలి” అన్న పదమే 13(3)(ఎ)లో ఉంది. పంట కాపలాకు నాటు మందు కూరే తుపాకీ కూడా ఆ వరసలోదే. వీటిని కాదనాలంటే అధికారి 14వ సెక్షన్‌లోని కారణం ఏదో ఒకటి చూపాలి: నిషేధం ఉన్న వ్యక్తి, మతిస్థిమితం లేకపోవడం, అర్హత లేకపోవడం, ప్రజాశాంతికి భంగం. “ప్రాణహాని లేదు” అన్నది ఆ జాబితాలో లేనే లేదు. అదే పిస్టల్, రివాల్వర్ అయితే కథ వేరు. అక్కడ “తగిన కారణం” ఉందని అధికారికి నచ్చజెప్పే భారం మీదే. పిస్టల్ కోసం పట్టుబట్టి ఓడిపోయేవాళ్లలో చాలామందికి నిజానికి గన్ సరిపోయేది. నడుముకు కట్టుకుని తిరిగే మోజు వేరే సంగతి.

పిస్టల్ కావాలంటే కారణాన్ని కాగితాలతో కట్టాలి. బెదిరింపు వచ్చినప్పుడు ఇచ్చిన ఫిర్యాదు, దాని రసీదు, ఎఫ్ఐఆర్ నకలు, తర్వాత కేసు ఎక్కడుందో చెప్పే కాగితం. నగదు, నగలు మోసే వ్యాపారమైతే బ్యాంకు స్టేట్‌మెంట్లు, రిజిస్ట్రేషన్ పత్రాలు, రాత్రిపూట ప్రయాణం ఎందుకు తప్పదో చూపే ఆధారం. ఎప్పుడూ ఫిర్యాదు చేయకుండా “శత్రువులు ఉన్నారు” అని రాస్తే అది ఊరి కబురు అవుతుంది, ఆధారం కాదు. తిరస్కరణ వచ్చాక హడావిడిగా పెట్టిన ఫిర్యాదును ఎవరూ నమ్మరు. ఆస్తి చాలదని తిరస్కరించారా? ఆ ఒక్క కారణం మీద కాదనకూడదని 14(2) స్పష్టంగా చెబుతోంది.

పాత కేసుల సంగతి మరీ జాగ్రత్త. హింస లేదా నైతిక పతనం ఉన్న నేరంలో జైలుశిక్ష పడితే శిక్ష ముగిశాక అయిదేళ్ల దాకా నిషేధం ఉంటుంది. బైండోవర్ (శాంతిగా, సత్ప్రవర్తనతో ఉంటానని బాండు రాయించుకోవడం) అయితే ఆ బాండు గడువు ఉన్నంతకాలమే. కేసు కొట్టేసినా, రాజీ పడినా పోలీసు రికార్డులో “కేసు ఉంది” అనే కనబడటం మామూలే. కోర్టు కాపీయింగ్ సెక్షన్ నుంచి తీర్పు సర్టిఫైడ్ కాపీ తెచ్చి జతచేయకపోతే ఆ ఒక్క గీతే ఫైలును ముంచుతుంది. రౌడీషీటు తెరిచి ఉంటే ముందు దాన్ని మూయించుకోవాలి. అది ఉండగా లైసెన్సు అప్పీలు వేయడం కాలం వృథా. ఎఫ్ఐఆర్‌ను దాచి దరఖాస్తు చేయడం అన్నింటికన్నా చేటు. ముఖ్యమైన సమాచారం దాచి తెచ్చుకున్న లైసెన్సును తర్వాత రద్దు చేయడానికి 17వ సెక్షన్ ఉంది.

ఇక ఉత్తర్వులో లేని కొత్త కారణాలు అప్పీలులో పుట్టుకొస్తాయి. పోలీసులు అదనపు నివేదికలో “ఇంట్లో తగాదాలున్నాయి” అని కలుపుతారు. 1977లో సుప్రీంకోర్టు మొహిందర్ సింగ్ గిల్ కేసులో చెప్పిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది: ఉత్తర్వు నిలబడేదీ పడేదీ అందులో రాసిన కారణాల మీదే, తర్వాత అఫిడవిట్లతో కొత్తవి అతికించడం కుదరదు. పిటిషన్‌లో ఒక్క పేరా చాలు.

హియరింగ్

అప్పీలును తేల్చే ముందు వినిపించుకునే అవకాశం ఇవ్వాలన్నది చట్టంలోనే ఉంది. నోటీసు వస్తే తప్పక వెళ్లండి. వాయిదా అడిగితే మళ్లీ తేదీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. మాట్లాడే సమయం చాలా తక్కువ. రెండు పేజీల రాతపూర్వక వాదన ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవడం మంచిది. బీరువా, తాళం, పిల్లలకు అందకుండా దాచే ఏర్పాటు ఫొటోలు, భద్రతా శిక్షణ సర్టిఫికెట్ దగ్గరుంచుకోండి. తీర్పు నెలలు పట్టొచ్చు. ఎన్నికల కోడ్ వచ్చిందంటే కొత్త లైసెన్సుల పని మొత్తం ఆగిపోతుంది. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ: 5కు 2.

హైకోర్టు, లేదా కొత్త దరఖాస్తు

అప్పీలు ఉత్తర్వు చట్టప్రకారం అంతిమం. ఆ తర్వాత మిగిలేది రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్. అప్పీలు వేయకుండా నేరుగా వెళ్తే “ముందు అక్కడ తేల్చుకోండి” అంటారు. నెలల తరబడి ఏ ఉత్తర్వూ ఇవ్వకపోతే మాత్రం రిట్ నిజంగా పనిచేసే మందు. గడువు పెట్టి తేల్చమని ఆదేశిస్తారు. కోర్టే లైసెన్సు చేతిలో పెడుతుందని ఆశపడొద్దు. కారణాలు లేని ఉత్తర్వును కొట్టేసి, మళ్లీ పరిశీలించమని వెనక్కి పంపుతుంది. లాయరు ఫీజు లెక్కేసుకుంటే ఇది 5కు 3.

పరిస్థితి నిజంగా మారిన చోట, కేసు కొట్టివేత వచ్చిందనో బైండోవర్ గడువు తీరిందనో, అప్పీలు కన్నా కొత్త దరఖాస్తే నయం. అయితే ఫారంలో గతంలో తిరస్కరించారా అన్న గడి ఉంటుంది. అక్కడ ఉన్నదున్నట్టు రాసి, పాత ఉత్తర్వు, దాని తర్వాత మారిందేమిటో చెప్పే కాగితం జతచేయాలి.

అప్పీలు నెగ్గినా, రిట్‌లో వెనక్కి పంపినా ఫైలు మళ్లీ అదే కలెక్టర్ బల్ల మీదికి చేరుతుంది. ఈ లోపు మీ వైద్య ధ్రువపత్రం పాతబడి ఉంటుంది, ఇల్లు మారి ఉంటే చిరునామా తప్పవుతుంది, స్టేషన్ నుంచి తాజా నివేదిక అడుగుతారు. అనుకూల ఉత్తర్వు నకలుతో పాటు కొత్త వైద్య ధ్రువపత్రం, ప్రస్తుత చిరునామా రుజువు, ఫొటోలు ఒకే కవరింగ్ లెటర్‌తో అదే వారంలో ఇన్‌వర్డ్ చేయించి, ఆ నంబరు రాసిపెట్టుకోండి.