పెళ్లి వీడియోల ఎడిటింగ్‌లో డావిన్చీ రిజాల్వ్: ట్రిమ్మింగ్ పనితీరుపై సమీక్ష

విజయనగరంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా వృత్తి. ఐదారు గంటల ఫుటేజీని గంటకు కుదించేటప్పుడు ఎక్కువ సమయం పోయేది రంగులు దిద్దడానికో టైటిళ్లు పెట్టడానికో కాదు, క్లిప్పుల మొదళ్లూ చివర్లూ కత్తిరించడానికి, కావలసిన చోట పొడిగించడానికి. బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ సంస్థ వారి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌ను రెండు పెళ్లి సీజన్లు వాడిన మీదట, ఆ ఒక్క పనిలో అది ఎలా ఉందో చెబుతాను.

టి కీ నొక్కితే ట్రిమ్ మోడ్ వస్తుంది. అప్పుడు క్లిప్ అంచును లాగితే, కత్తిరించినంత మేర తరువాతి క్లిప్పులన్నీ ముందుకు జరిగి ఖాళీ దానంతటదే పూడుకుంటుంది. దీన్ని రిపుల్ అంటారు. రెండు క్లిప్పుల మధ్య అతుకును పట్టుకుంటే అది రోల్. ఒకటి పెరిగినంతా రెండోది తగ్గుతుంది కాబట్టి మొత్తం నిడివి మారదు.

నాకు అన్నిటికన్నా ఉపకరించింది ఈ రోలే. ఒక పెళ్లిలో గట్టిమేళానికి సరిగ్గా తగిలేలా దృశ్యాలన్నీ అమర్చుకున్న తరువాత, మూడో ముడి పడకముందే క్లిప్ ముగిసి, అక్షతలు వేస్తున్న బంధువులు వచ్చేస్తున్నారని గమనించాను. వి కీతో దగ్గరలోని అతుకును ఎంచుకుని, ముడి పూర్తయిన ఫ్రేమ్ మీద ప్లేహెడ్‌ను, అంటే ప్రస్తుతం చూస్తున్న ఫ్రేమ్‌ను చూపే నిలువు గీతను, నిలిపి, ఇ కీ నొక్కగానే అతుకు అక్కడికి జరిగింది. తరువాతి క్లిప్పు ఒక్కటి కూడా కదలలేదు, మేళం తప్పలేదు. ఆపైన కామా, ఫుల్‌స్టాప్ కీలతో ఒక్కో ఫ్రేమ్ చొప్పున సరిచేసుకున్నాను. సెకనుకు 25 ఫ్రేములుండే వీడియోలో రెండు ఫ్రేముల తేడా కూడా ముడి వేసే వేళ్ల దగ్గర కంటికి తెలుస్తుంది.

అయితే తీయని దృశ్యాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పొడిగించలేదు. ఫుటేజీ అయిపోయిన చోట, ఎంచుకున్న అంచు ఆకుపచ్చ నుంచి ఎరుపుకు మారుతుంది. ఆ ఎరుపు కనిపించినప్పుడల్లా కెమెరా ముందే ఆపేశారని అర్థం. అందుకే ప్రతి ఘట్టానికీ ముందూ వెనకా ఐదేసి సెకన్లు అదనంగా తీయమని మా కెమెరామెన్‌ను కోరుతున్నాను.

రిపుల్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త తప్పదు. ట్రాక్ (క్లిప్పులను పేర్చే వరుస) పక్కనుండే ఆటో సెలెక్ట్ గుర్తు ఆపి ఉంటే ఆ ట్రాక్ జరగదు. నేను ఒకసారి మంత్రాల ఆడియో ట్రాక్‌కు దాన్ని ఆపి మరిచిపోయి, పురోహితుని పెదవులకూ మాటకూ పొంతన లేక, సాయంత్రమంతా మళ్లీ కూర్చోవలసి వచ్చింది.

క్లిప్ నడుమ పై భాగాన్ని పట్టుకుని జరిపితే స్లిప్ అవుతుంది. స్థానం, నిడివి మారకుండా లోపలి దృశ్యం మాత్రమే మారుతుంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వీడియోలో, పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి సిరిమాను మీదికి జనం అరటిపళ్లు విసిరే నాలుగు సెకన్ల ముక్కను, పండు గాలిలో ఉన్న క్షణం పడేలా ఇలాగే కుదుర్చుకున్నాను. కింది భాగాన్ని పట్టుకుంటే వచ్చేది స్లైడ్. అందులో లోపలి దృశ్యం మారకుండా క్లిప్ స్థానమే జరుగుతుంది. దాని అవసరం నాకు అరుదు.

ఇవన్నీ ఉచిత వెర్షన్‌లోనే ఉన్నాయి. కానీ మంచి గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌లో, పెద్ద ఫైళ్లకు ముందుగా ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం వాడే తేలికపాటి నకళ్లు, తయారుచేసుకోనిదే అతుకుల దగ్గర ప్లేబ్యాక్ తడబడుతుంది. ఫ్రేమ్ లెక్కన పనిచేసేవారికి ఆ తడబాటు పెద్ద ఇబ్బందే.