‘హినా’ ఒక్కదానికే ఒక పాఠం: ఆన్‌లైన్ గ్రీకు కోర్సుపై సమీక్ష
కొత్త నిబంధన గ్రీకు నేర్పే ఒక ఆన్‌లైన్ కోర్సులో ‘హినా’ అనే సముచ్చయానికి (వాక్యాలను కలిపే మాటకు) కేటాయించిన పాఠం, అది కనబడగానే ‘కొరకు’ అని ఉద్దేశార్థం రాసేసే నా అలవాటును మాన్పించింది. యోహాను 9:2లో ‘వీడు గ్రుడ్డివాడై పుట్టుటకు ఎవడు పాపము చేసెను?’ అన్న శిష్యుల ప్రశ్ననే తీసుకుంటే, బిడ్డ గుడ్డివాడుగా పుట్టాలనే ఉద్దేశంతో ఎవరూ పాపం చేయరు కనుక, అక్కడ ‘హినా’ ఫలితాన్నే చెబుతుందని ఉపాధ్యాయుడు ఓపికగా విడమరిచారు. తెలుగు బైబిలులోని ‘పుట్టుటకు’ అనే రూపం కూడా ఈ రెండు అర్థాలనూ మోయగలదని నాకు అప్పుడే తట్టింది. మత్తయి 4:3లో, ‘ఈ రాళ్లు రొట్టెలగునట్లు ఆజ్ఞాపించుము’ అన్నచోట, ‘హినా’ ఆజ్ఞలోని విషయాన్ని మాత్రమే అందిస్తుంది. అయితే ‘హినా’ తర్వాత సాధారణంగా వచ్చే సంభావనార్థక (సబ్జంక్టివ్) క్రియారూపాలకు మూడే అభ్యాసాలు ఇచ్చి, వాటిలోనూ ఒకదానికి తప్పు జవాబు ముద్రించడం మాత్రం క్షమించదగిన అజాగ్రత్త కాదు.