శ్రీగంధం అన్నారు, సగం మొక్క ఇచ్చారు

చిత్తూరు నుంచి తిరుపతి పోయే రోడ్డు మీద ఉన్న ఒక నర్సరీ గురించి ఇది. పేరు రాయను, రెండోసారి వెళ్లినప్పుడు మర్యాదగానే మాట్లాడారు కాబట్టి. పోయిన ఏడాది జూలైలో అక్కడ 30 శ్రీగంధం, 20 ఎర్రచందనం మొక్కలు కొన్నాం. శ్రీగంధం ఒక్కోటి 40 రూపాయలు, ఎర్రచందనం 25. బంగారుపాళ్యం దగ్గర మా మామ మామిడి తోటలో ఓ పక్క అరెకరా బీడుంటే అందులో నాటించాం. మార్చికల్లా ఎర్రచందనంలో 18 నిలబడ్డాయి. శ్రీగంధంలో మిగిలింది నాలుగు.

ముందు మంచి చెబుతాను. ఎర్రచందనం మొక్కలకు వంక పెట్టలేం. కవరు చింపితే మట్టిముద్ద విడిపోలేదు, అడుగున వేరు చుట్టలు చుట్టుకుని లేదు. టాటా ఏస్‌లో పేర్చిన కుర్రాడు పైన తడి గోనెపట్టా కప్పి మరీ పంపాడు. వాటి వరకు ఐదుకు నాలుగు మార్కులు.

గొడవంతా శ్రీగంధంతోనే. కొనేటప్పుడు "రెంటినీ ఒకే రకంగా పెంచాలా?" అని అడిగాను. "రెండూ చందనమే కదా మేడమ్, ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. అన్నదమ్ముల లెక్క" అన్నాడు ఓనరు. నేను డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తాను. నవ్వొచ్చింది గానీ ఇక్కడ కూడా పాఠం ఎందుకులే అని ఊరుకున్నాను. ఆ పాఠం చెప్పి ఉంటే, కవర్లో ఉండాల్సిన రెండో మొక్క ఏదీ అని నాకే తట్టేది.

పేరు కలిసింది గానీ ఈ రెండు చెట్లకూ చుట్టరికం లేదు. ఎర్రచందనం ఫాబేలిస్ క్రమంలోది. కంది, చిక్కుడు, కానుగ అన్నీ ఆ ఇంటివే. అందులోనూ మన శెనక్కాయ ఉన్న డాల్బెర్జియే తెగలోదే. శేషాచలం కొండ మీద చెట్టూ, కింద మెట్ట చేలో శెనక్కాయ మొక్కా దాయాదులంటే మా పిల్లలు మొదట నమ్మరు. శ్రీగంధం ఇల్లు వేరు, శాంటలేలిస్ క్రమం. దాని చుట్టం ఎవరంటే, మామిడి కొమ్మలకు పట్టే బదనిక! మా మామ ఏటా మనిషిని పెట్టి తోతాపురి చెట్లమీద నుంచి కోయించి పారేసే ఆ బదనికే.

ఈ వంశంలో పక్క మొక్క మీద ఆధారపడటం కొత్తేం కాదు. తొలి శాఖల్లో కొన్ని ఇప్పటికీ సొంత వేళ్లతోనే బతుకుతాయి. తర్వాతి శాఖలు పక్కవాళ్ల వేళ్లను పట్టుకున్నాయి. వేరు దగ్గర్నుంచి కొమ్మ మీదికి ఎక్కడం ఈ ఒక్క క్రమంలోనే ఐదుసార్లు విడివిడిగా జరిగిందని డీఎన్ఏ పోలికలు చెబుతున్నాయి. శ్రీగంధం కొమ్మెక్కలేదు, వేరు దగ్గరే ఆగింది. డైనోసార్ల కాలం చివర్లోని, అంటే సుమారు 7 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో ఈ క్రమం పుప్పొడి దొరికింది. బాల్టిక్ తీరపు అంబరులోనైతే, 3 కోట్ల ఏళ్లు పైబడిన ఆ గట్టిపడ్డ చెట్టు బంకలో, మరుగుజ్జు బదనిక రెమ్మలే చిక్కుకుని ఉన్నాయి. తేరగా బతికితే జన్యువులు కూడా జారిపోతాయి కాబోలు. యూరప్ బదనిక తన మైటోకాండ్రియాలో, అంటే కణానికి శక్తి తయారుచేసే భాగంలో, శ్వాసక్రియకు పనికొచ్చే కాంప్లెక్స్-1 అనే ప్రోటీన్ల గుంపునే వదిలేసుకుంది. అయినా దాని జీనోమ్, అంటే మొత్తం డీఎన్ఏ, మనిషి జీనోమ్‌కు దాదాపు 30 రెట్లు! శ్రీగంధం అలా కాదు. 2018లో అచ్చయిన దాని జీనోమ్ సుమారు 22 కోట్ల డీఎన్ఏ అక్షరాలే, మనిషిది 300 కోట్లు.

సరే, మా తోటకు వస్తాను. బతికిన నాలుగూ కంచె వెంబడి ఉన్నవే. కంచెకు ఆనుకుని పాత కానుగ చెట్లున్నాయి. ఎండిపోయిన ఒక మొక్కను పీకి చూస్తే వేరు సన్నగా, నున్నగా ఉంది, ఎక్కడా ఏమీ పట్టుకోలేదు. కంచె పక్కదాని చుట్టూ మట్టిని పుల్లతో మెల్లగా తీశాను. శ్రీగంధం వేరు కొస కానుగ వేరును తాకిన చోట జొన్నగింజంత బొడిపె కనిపించింది. హాస్టోరియం. బ్లేడుతో నిలువునా కోస్తే, కానుగ వేరు బెరడులోకి తెల్లగా మేకులా దిగి ఉంది. నీళ్లూ లవణాలూ అక్కణ్నుంచే లాగుతుంది. ఆకులు పచ్చగానే ఉంటాయి, వంట సొంతంగా చేసుకుంటుంది, సరుకులు మాత్రం పక్కింటివి. అందుకే కవర్లోనే కందిగింజో, పొన్నగంటి కూరో పెట్టి పెంచుతారు. తోటలో నాటాక తోడుగా సరుగుడు, అవిసె లాంటివి వేస్తారు.

ఏప్రిల్లో ఫొటోలు పట్టుకుని మళ్లీ వెళ్లాను. బెడ్ దగ్గర ఒకావిడ శ్రీగంధం కవర్లలోంచి ఏవో మొక్కలు పీకుతోంది. దగ్గరికెళ్లి చూస్తే కంది! నోట మాట రాలేదు. "గడ్డీగాదం ఉంటే కస్టమర్లు తీసుకోరు మేడమ్, నీట్‌గా ఉండాల" అన్నాడు ఓనరు. పెంచేవాళ్లు పద్ధతిగానే పెంచారు, అమ్మే ముందు అందం కోసం ప్రాణం తీస్తున్నారన్నమాట. నర్సరీలో ఉన్నన్నాళ్లూ రోజూ నీళ్లు, ఎరువు అందుతాయి కాబట్టి లోపం బయటపడదు. మన తోటకొచ్చాక ఎండ పడితే తేలిపోతుంది.

బ్లేడుతో కోసిన ముక్క ఫొటో చూపించి విషయం చెప్పాను. వాదించలేదు. డబ్బులు ఇవ్వనన్నాడు గానీ కంది పీకని మొక్కలు పది ఊరికే ఇచ్చాడు. ఆగస్టులో వానలు పడ్డాక నాటాం, ఇవాళ్టికి తొమ్మిది బతికున్నాయి. కంది మీదపడి నీడ కమ్మకుండా నెలకోసారి తుంచుతున్నాను. అక్కడ శ్రీగంధం కొనేవాళ్లు పీకని కవర్లే అడిగి తీసుకోండి. సాఫుగా కనిపించేది వద్దు. శ్రీగంధానికి నా మార్కులు రెండు, ఆ రెండోది కూడా వాదించనందుకే.

ఇదంతా విని మా మామ అన్నమాట: "ఏమ్మా, నేను దుడ్లిచ్చి బదనిక కోయిస్తా ఉంటే, నువ్వు దుడ్లిచ్చి దాని అక్కను తెచ్చి పెడతా ఉండావా?" కందికాయలు మాత్రం అత్త రోజూ ఒళ్లో వేసుకొస్తోంది.